షాట్లు కావు, సౌండే ఏడిపించింది: నా షార్ట్ ఫిల్మ్ అనుభవం

ఫైనల్ ఎక్స్‌పోర్ట్ ఇప్పుడే పూర్తయింది, పెదాలూ మాటలూ కలిశాయి. కసి చల్లారకముందే రాసేస్తున్నా.

స్క్రిప్ట్ దగ్గర ఇబ్బంది లేదు. ‘స్క్రిప్ట్ ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం’ అనే లెక్క మాత్రం తెలుగు లిపికి పనికిరాదు, అది ఇంగ్లిష్ కొరియర్ ఫాంట్‌లో 12 పాయింట్ అక్షరాల లెక్క. పైకి చదువుతూ టైమర్ పెట్టుకోవడమే నయం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు పెడితే ట్యూబ్‌లైట్లు మినుకుమినుకుమనవు.

ఎడిటింగ్‌కి డావిన్చీ రిసాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. శిక్షణ పుస్తకాలు, ప్రాక్టీసు ఫుటేజీతో సహా, దాన్ని తయారుచేసే బ్లాక్‌మ్యాజిక్ వాళ్ల సైట్లోనే ఊరికే దొరుకుతాయి. వీకెండ్ వర్క్‌షాపులకు వేలు తగలేసి సర్టిఫికెట్‌తో ఫోటో దిగేవాళ్లు ముందు అవి తిరగేస్తే మంచిది. ప్రాజెక్టు ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) మొదటే పెట్టుకోవాలి, క్లిప్పులు దింపాక మార్చనివ్వదు. కట్ ఎక్కడ వెయ్యాలో తెలియాలంటే హాలీవుడ్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ రాసిన ‘ఇన్ ద బ్లింక్ ఆఫ్ యాన్ ఐ’ చదవండి. మంచి కట్‌కి ఆరు కొలతలు చెప్పి ఎమోషన్‌కే 51 శాతం ఇచ్చేశాడు. మనం కొట్టుకుచచ్చే స్థలం కంటిన్యుటీకి (ఎవరు ఎక్కడున్నారన్నది షాటు మారినా చెదరకపోవడం) దక్కింది 4.

ఇక సౌండ్. వీడియో ఫోన్‌తో, మాటలు విడిగా రికార్డర్‌తో. క్లాప్ దగ్గర రెండూ చక్కగా కలిశాయి. టేక్ సాగేకొద్దీ పెదవి ఒకచోట, మాట ఒకచోట. క్లిప్ జరిపితే చివర కలిసి మొదలు చెడుతోంది. ఓ సౌండ్ స్టూడియోకి పట్టుకెళితే అక్కడి పెద్దమనిషి హెడ్‌ఫోన్స్ కూడా పెట్టుకోలేదు. “ఫోన్ సినిమా ఇంతే తమ్ముడూ, మొత్తం డబ్బింగ్ చెప్పించుకో” అని మా హీరో ముందే నవ్వి, గంట రేటు చెప్పాడు.

రోగం వేరే. తేడా టేక్ పొడుగునా ఒకేలా ఉంటే క్లిప్ జరిపితే సరిపోతుంది. పెరుగుతూ పోతే మాత్రం ఫ్రేమ్ రేట్ని అనుమానించాలి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లిప్ తెరిస్తే ‘ఫ్రేమ్ రేట్ మోడ్: వేరియబుల్’ అని కనబడింది, అంటే ఫ్రేముల వేగం నిలకడగా లేదన్నమాట. వెలుతురు తగ్గినప్పుడల్లా ఫోన్ ఫ్రేముల వేగం తగ్గించేస్తుంది. మాది రాత్రి వంటింటి సీను, ఇంకేం కావాలి! ఫ్రేములన్నీ సమాన దూరంలో ఉన్నాయనుకుని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పరుస్తుంది, రికార్డర్ మాత్రం గడియారంలా నడుస్తుంది.

మందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్, అదీ ఉచితమే. వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ ప్రాజెక్టుకి తగ్గది ఎంచుకుని, కింద ‘కాన్‌స్టంట్’ (నిలకడ వేగం) నొక్కాలి. క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 దగ్గర పెట్టండి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఫోన్ సొంత ఆడియో తీసెయ్యకండి. రిసాల్వ్‌లో రెండు క్లిప్పులూ ఎంచుకుని ‘ఆటో సింక్ ఆడియో’లో వేవ్‌ఫామ్ (శబ్ద తరంగాల ఆకారం) ఎంపిక ఇస్తే, ఆ చెత్త ఆడియోనే ఆనవాలు పట్టుకుని కలిపేస్తుంది. డబ్బింగ్ ఒక్క లైను కూడా చెప్పించలేదు, ఆ పెద్దమనిషికి ఎవరైనా చెప్పండి!

ఈసారి షూటింగ్‌కి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి, ఫ్రేమ్ రేటూ షటరూ ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు) మనమే బిగించొచ్చు. పొడుగు టేకులకి చివర్లో కూడా ఓ క్లాప్ కొట్టించండి, తేడా వెంటనే బయటపడుతుంది. ప్రతి లొకేషన్‌లో అందర్నీ నోరు మూయించి నిమిషం పాటు రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం) పట్టండి, సౌండ్ అతుకులు కప్పడానికి అదే దిక్కు.

అన్నీ చెడినా హాలీవుడ్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ దారి ఉండనే ఉంది. ‘రెబెల్ వితౌట్ ఎ క్రూ’ అనే తన పుస్తకంలో రాశాడు: సుమారు 7,000 డాలర్లతో తీసిన ‘ఎల్ మరియాచి’కి కెమెరా మోత వల్ల షాట్ అయ్యాక మళ్లీ మాటలు చెప్పించి రికార్డు చేసి, పెదవి తప్పినచోట ఇంకో షాట్‌కి కట్ చేశాడట. అందుకే రియాక్షన్ షాట్లు (మాటలు వినేవాళ్ల ముఖాలు) దండిగా తీసి ఉంచుకోవాలి.

థియేటర్లో వేసే ఆలోచన ఉంటే మొదట్నించీ 24 ఫ్రేముల్లోనే తియ్యండి. డీసీపీకి (థియేటర్ ప్రొజెక్టర్ కోసం చేసే డిజిటల్ సినిమా ప్యాకేజీ) ఏ పేచీ లేనిది అదే, డీసీపీ-ఓ-మ్యాటిక్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు.