జిగ్ హెడ్ అచ్చుని మన హుక్కులకి సరిపెట్టుకున్న వైనం

భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట గాలం వేసేవాళ్ళకి జిగ్ హెడ్ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: హుక్కు మెడ దగ్గర సీసపు గుండు పోతపోసి ఉంటుంది, దాని వెనక రబ్బరు చేప తొడుగుతాం. గుండు బరువుకి ఎర అడుగుకి దిగుతుంది, రాడ్డు లేపినప్పుడల్లా గెంతుతుంది. అడుగుకి దిగడమే దాని పని కాబట్టి రాళ్ళలో ఇరుక్కోవడం కూడా తప్పదు. జోడుగుళ్ళపాలెం రాళ్ళ మీద నిలబడితే పట్టిన చేపలకన్నా పోగొట్టుకున్న జిగ్గులే ఎక్కువన్న రోజులు చాలా ఉన్నాయి. అన్నీ కొనుక్కుంటూ పోతే జేబు తట్టుకోదు.

అందుకని అమెరికా నుంచి వస్తున్న మా బావ చేత ఒక అల్యూమినియం అచ్చు తెప్పించుకున్నాను. కీలు మీద తెరుచుకునే రెండు పలకలు, చెక్క పిడులు, లోపల గుండ్రటి గుంతలు మూడు. వాటి మీద బరువు ఔన్సుల్లో ఉంటుంది: పావు, అర, ముప్పావు. మన లెక్కలో సుమారు 7, 14, 21 గ్రాములు. అంతా బాగానే ఉంది గానీ, ఆ గుంతలు తవ్వింది అక్కడి మంచినీటి చెరువుల్లో వాడే సన్న హుక్కుల కోసం. మన పార చేప ఒక్క గుంజు గుంజిందంటే ఆ హుక్కు సాగిపోతుంది. నాకు కావలసింది ఉప్పునీటి కోసం చేసిన, తీగ మందంగా ఉండే 3/0, 4/0 సైజులు. అవి పెడితే అచ్చు మూసుకోలేదు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే పలకల మధ్య సందు స్పష్టంగా కనబడింది. ఆ సందుతోనే పోస్తే సీసం రెక్కల్లా పక్కలకి కారి, గుండు కన్నా చెత్తే ఎక్కువ వస్తుంది.

అల్యూమినియం మెత్తని లోహం కదా, హుక్కు లోపల పెట్టి నాలుగు దెబ్బలేస్తే అదే దిగబడుతుందని కొందరు అంటారు. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా పెదనాన్న నా చేతిలో సుత్తి చూసి ఆపేశారు. "ఏట్రా, కొట్టి మూయిస్తావా? అచ్చన్నది దానంతటది మూసుకోవాల. బలవంతంగా మూయిస్తే కీలు వంకరపోద్ది. ఆనక ఏ గుంతా రెండోదానికి ఎదురు రాదు" అన్నారు. పని మొత్తంలో నేను పట్టుకున్న మాట అదొక్కటే.

పద్ధతి ఆయన చూపించిందే. ఫిట్టర్లు వాడే నీలం రంగు పేస్టు ఉంటుంది. హుక్కుకి దాన్ని పలచగా రాసి, అచ్చులో పెట్టి, వేళ్ళతో మాత్రమే నొక్కి తెరవాలి. ఎక్కడ నీలం అంటుకుందో అక్కడే హుక్కు అడ్డుపడుతోందన్నమాట. అక్కడ మాత్రం కాస్త గీకి, మళ్ళీ రంగు రాసి, మళ్ళీ మూసి చూడాలి. విసుగు పుట్టే పని. అయినా కంటి అంచనాతో తవ్వేకన్నా ఇదే నయం, ఎందుకంటే ఎక్కువ తీసేసిన చోట లోహాన్ని తిరిగి అతికించలేం. ఇపాక్సీ పుట్టీలతో పూడ్చవచ్చని చెబుతారు గానీ, 327 డిగ్రీల దాకా వేడెక్కితే తప్ప కరగని సీసాన్ని పదేపదే పోస్తుంటే ఆ పూత ఎన్నాళ్ళుంటుంది? నేను ఆ జోలికి పోలేదు.

గీకడానికి చేతిలో పట్టుకునే చిన్న రోటరీ మెషీన్, దానికి గుండ్రటి మొన ఉన్న బర్రులు, అంటే లోహాన్ని కోసే పళ్ళున్న చిన్న బిట్లు. పళ్ళ డాక్టర్లు వాడి పక్కన పడేసే బర్రులు దీనికి చక్కగా పనికొస్తాయి. మూలలకి కంసాలులు వాడే సన్న ఆకురాళ్ళు. అల్యూమినియంతో ఒక పేచీ ఉంది: వేడెక్కి బర్రు పళ్ళలో ఇరుక్కుపోతుంది, అప్పటినుంచి అది కోయదు, రుద్దుతుంది. మధ్యమధ్యలో ఒక చుక్క కిరోసిన్ వేస్తే ఆ బాధ లేదు. రెండు పలకల్లోనూ సమానంగా తీయాలి. లేకపోతే హుక్కు గుండుకి నడుమ కాకుండా ఓ పక్కకి ఒరుగుతుంది, నీళ్ళలో ఎర కూడా పక్కకి పడుకుని ఈదుతుంది.

హుక్కు అచ్చుని ముట్టుకునేది మూడు చోట్ల: దారం కట్టే కన్ను, దాని పక్కనే ఉండే వంపు, వెనక్కి సాగే కాడ. ఈ మూడింటినీ ఒకేలా చూడకూడదు. కాడ గాడి కొంచెం వదులైనా నష్టం లేదు. సీసం కాడ వెంట కాస్త పాకుతుంది, చాకుతో గీస్తే ఊడొస్తుంది. కన్ను దగ్గర మాత్రం పిసినారిగా ఉండాలి. ఆ గూడు వెంట్రుకవాసి వదులైతే చాలు, సీసం కన్నులోకి దూరి గడ్డకడుతుంది. ప్రతి జిగ్గుకీ సూది పెట్టి పొడుచుకుంటూ కూర్చోవాలి. అందుకే కాడ గాడి ముందు పూర్తి చేసి, కన్ను గూడు చివరికి ఉంచాను.

హుక్కులు కుదిరాక ఇంకో ఆశ పుట్టింది. పెద్ద గుంతని ఇంకాస్త పెంచితే 28 గ్రాములు పోసుకోవచ్చు కదా అని. గాలి గట్టిగా వీచే సాయంత్రాల్లో తెన్నేటి పార్కు కింద 21 గ్రాములు సరిపోవడం లేదు. ఇక్కడ లెక్క చూసుకుని దిగడం మంచిది. సీసం ఘన సెంటీమీటరుకి 11.34 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన, హుక్కు ఆక్రమించే చోటు పక్కన పెడితే, 21 గ్రాముల గుండు వ్యాసం సుమారు 15.2 మిల్లీమీటర్లు, 28 గ్రాములది 16.8. అంటే చుట్టూ తీయాల్సింది ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. వ్యాసం కొంచెం పెరిగితే బరువు మూడింతల వేగంతో పెరుగుతుంది కాబట్టి, కొంచెం తీయడం, పోసి చూడడం, బంగారం తూచే చిన్న కాటాలో పెట్టడం, మళ్ళీ తీయడం. 27 దాటగానే ఆపేశాను. చేపకి ఆ గ్రాము తేడా పట్టింపు లేదు.

పోత సంగతికొస్తే, సీసం ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల కొట్లలో దొరుకుతుంది. పాత సామాన్ల కొట్లో టైరు బ్యాలెన్సింగ్ బరువులు చౌక. వాటిలో యాంటిమొనీ అనే లోహం కలిసి ఉండడం వల్ల గట్టిగా ఉంటాయి, రాళ్ళకి తగిలినా గుండు చొట్టపోదు. సన్న గాడుల్లోకి మాత్రం మెత్తటి సీసమే బాగా పారుతుంది. ఆ బరువుల్లో జింకువి కూడా కలిసి వస్తుంటాయి. జింకు 419 డిగ్రీల దగ్గర గానీ కరగదు, మంట అదుపులో ఉంచితే పైకి తేలుతుంది, తెట్టుతో పాటు తీసేయొచ్చు. పాత బ్యాటరీల సీసం మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. అందులో యాసిడ్ ఒక్కటే కాదు, కరిగించేటప్పుడు విషవాయువులు పుట్టించే లోహాలు కూడా ఉంటాయి.

మన ఊళ్ళో అసలు శత్రువు తేమ. కరిగిన సీసంలోకి తడి ముక్క పడిందా, నీరు ఒక్కసారిగా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. సముద్రపు గాలికి అచ్చు మీద, సీసం దిమ్మల మీద, హుక్కుల మీద కూడా చెమ్మ ఉంటుంది. అన్నిటినీ ముందు పొయ్యి పక్కన పెట్టి వెచ్చబెడతాను. మబ్బు పట్టిన రోజు అసలు మొదలుపెట్టను. డాబా మీద, పొగ పక్కకి పోయేలా కూర్చుని, కళ్ళద్దాలు, తోలు గ్లౌజులు, బూట్లు వేసుకునే పోస్తాను. ఆ గిన్నె, గరిటె మళ్ళీ వంటింటి గడప తొక్కవు. ఒంట్లో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదన్న మట్టం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, పిల్లలకి మరీ ప్రమాదం. నా టెన్షన్ పొగకన్నా పొడి గురించే. అందుకే గుండుని ఆకురాయితో రుద్దను, కటింగ్ ప్లేయర్‌తో తుంచి, చాకుతో చెక్కుతాను. ముక్కలన్నీ మళ్ళీ గిన్నెలోకే. ఆ బట్టలు విడిగా ఉతుకుతాను.

గుంతల్లోపల కొవ్వొత్తి మసి పట్టిస్తే సీసం జారుగా పారుతుంది. మొదట వచ్చేవి ముడతలు పడే వస్తాయి, అచ్చు ఇంకా వేడెక్కలేదని అర్థం. వాటిని మళ్ళీ కరిగించడమే. నేను పెంచిన గుంతలో మాత్రం అచ్చు వేడెక్కాక కూడా ఓ మూల నిండలేదు. లోపలి గాలికి దారి లేదు మరి. పలక అంచు మీద ఆ మూల నుంచి బయటికి సూదిమొనతో సన్నగా రెండు గీతలు గీశాను. గాలి పోయేంత, సీసం పోలేనంత. ఆ తర్వాత గుండు నిండుగా వచ్చింది.

ఇప్పుడు అచ్చు వేళ్ళతో నొక్కితే మూసుకుంటోంది, అతుకు దగ్గర గీత తప్ప రెక్కలు లేవు. 7 గ్రాముల గుంతని మాత్రం అసలు ముట్టుకోలేదు. కానాగంతలకి సన్న హుక్కే కావాలి, దానికి అది ఎలా వచ్చిందో అలాగే సరిపోతోంది.