సినిమా కాసేపు ఆపి చూడండి

పిల్లలకి సైన్సు మీద ఆసక్తి కలగాలంటే పుస్తకం కన్నా ముందు ఇంట్లో అందరం కలిసి చూసే సినిమాయే మంచి దారి అని నా గట్టి నమ్మకం. 2008లో వచ్చిన ‘వాల్-ఈ’లో ఆ చిన్న రోబో అంతరిక్షంలో మంటలార్పే సిలిండర్ పట్టుకుని, గ్యాస్ ఒకవైపు వదులుతూ తను రెండోవైపుకి దూసుకుపోతుంది. "అక్కడ గాలే లేదు కదా, దేన్ని తోస్తోంది?" అని అడిగింది మా పాప. ఎంత మంచి ప్రశ్న! వెంటనే సినిమా ఆపి, స్ట్రాలోంచి దారం పోనిచ్చి గది ఈ చివర నుంచి ఆ చివరకి కట్టి, ఊదిన బెలూన్‌ని ఆ స్ట్రాకి టేపుతో అంటించి వదిలితే సర్రున పోయింది. అప్పుడు చెప్పిన న్యూటన్ మూడో నియమం ఇట్టే బుర్రకెక్కింది: బయటికి పోయే గాలే బెలూన్‌ని ఎదురుదిక్కుకి తోస్తుంది, రాకెట్‌కీ అంతే, చుట్టూ గాలి అక్కర్లేదు.

‘బిగ్ హీరో 6’లో గాలి నింపిన మెత్తటి రోబో కూడా ఉత్త కల్పన కాదు, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో తయారైన గాలితో ఉబ్బే రోబో చెయ్యిని చూశాకే ఆ ఆలోచన వచ్చింది.

సినిమాల్లో తప్పులూ పనికొస్తాయి. అంతరిక్షంలో పేలుడు శబ్దం వస్తే "నిజంగా వినిపిస్తుందా?" అని అడగండి. కాకపోతే సీన్ సీన్‌కీ ఆపి పాఠం మొదలుపెడితే సినిమా మీదే విసుగొస్తుంది, మిగతా ప్రశ్నలు సినిమా అయ్యాక మాట్లాడుకోవచ్చు.