సైజు తేలితేనే షాపు: నా బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన తీరు

షాపు పేరు, లోగో, వెబ్‌సైటు కంటే ముందు నేను తేల్చుకున్నది సైజు. ఏ సైజు ప్రింటు అమ్ముతామో తేలితే ఎంత రిజల్యూషన్‌లో స్కాన్ చేయాలి, ఏ కవరు కొనాలి, కొరియర్‌కి ఎంతవుతుంది, రేటెంత పెట్టాలి అన్నీ దాని వెనకే తేలతాయి. నేను వేసేవి గోదావరి వాటర్ కలర్లు: పడవలు, లంకపొలాలు, పాపికొండలు. ప్రింట్లు ఏ4, ఏ3 రెండే పెట్టాను. కొన్నవాళ్లు ఊళ్లోని ఫ్రేముల షాపులో రెడీమేడ్ ఫ్రేము తెచ్చుకునే సైజులు అవే. ఫ్రేము దొరకని ప్రింటు బీరువాలోనే ఉండిపోతుంది, దాన్ని కొన్నవాళ్లు రెండోసారి రారు.

ఇక్కడే మొదటి చిక్కు. వాటర్ కలర్ వేసేవాళ్లలో చాలామంది వాడే క్వార్టర్ షీటు 11×15 అంగుళాలు. ఏ4 కొలత 21×29.7 సెంటీమీటర్లు. రెండింటి నిష్పత్తీ ఒకటి కాదు. బొమ్మను ఏ4 నిండా పరిస్తే వెడల్పులో 8 మిల్లీమీటర్లు, అంటే అటు 4 ఇటు 4, తెగిపోతుంది. కింద మూలన అంచుకి ఆనించి పెట్టిన సంతకం అందులోనే పోతుంది. పైగా ఫ్రేము అంచు ఇంకో 5 మిల్లీమీటర్లు మింగుతుంది. అందుకని నేను బొమ్మను కోయకుండా చుట్టూ కనీసం ఒకటిన్నర సెంటీమీటరు తెల్ల అంచు వదిలి ప్రింటు తీయిస్తాను. కింద అంచులో పెన్సిల్‌తో సంతకం, ఎడిషన్ నంబరు (మొత్తం ఎన్ని ప్రింట్లలో ఇది ఎన్నోదో) పెట్టుకోవడానికి చోటు కూడా దొరుకుతుంది. కొత్తగా వేసే బొమ్మలకైతే కాగితం మీద ముందే ఏ4 నిష్పత్తిలో గీత కొట్టుకుని వేయడం మేలు.

స్కానింగ్ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, చేయాలి. 11×15 కాగితాన్ని 300లో తీస్తే 3300×4500 పిక్సెళ్లు వస్తాయి. ఏ3 నిండా ప్రింటు తీయాలంటే 300 డీపీఐ లెక్కన 3508×4961 కావాలి, చాలదు. ఏ4 స్కానర్ అద్దం మీద ఈ కాగితం ఒకేసారి పట్టదు కనుక మూత తీసేసి రెండు భాగాలుగా తీసి కలుపుకోవాలి, మధ్యలో రెండు అంగుళాలు రెండింటిలోనూ పడేలా. రెండో భాగానికి చాలామంది కాగితాన్ని తలకిందులుగా తిప్పి పెడతారు. అలా తిప్పకూడదు. స్కానర్ దీపం ఒకే పక్కనుంచి పడుతుంది. కాగితం గరుకుదనం నీడ ఒక సగంలో కిందికీ రెండో సగంలో పైకీ పడి, ఎంత బాగా అతికినా మధ్యలో గీత కనిపిస్తుంది. కాగితాన్ని తిప్పకుండా పక్కకి జరపాలి. నీళ్లకి ఉబ్బి అలలు తేలిన కాగితమైతే వెనకవైపు కొద్దిగా తడిచేసి, పైనా కిందా శుభ్రమైన బ్లాటింగ్ కాగితం పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. ఇళ్లలో ఉండే ఆల్ ఇన్ వన్ ప్రింటర్ల స్కానర్లకి లోతు అందదు, అద్దానికి ఆనని చోటల్లా మసక వస్తుంది.

ప్రింటు బొమ్మకంటే నల్లగా వచ్చిందంటే తప్పు సాధారణంగా ప్రెస్సుది కాదు. స్క్రీను వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు. స్క్రీను వెలుగు బాగా తగ్గించుకుని, పగటి వెలుతురులో అసలు బొమ్మ పక్కన పెట్టుకుని సరిచేయాలి. రాణీ రంగులో ఫ్లోరొసెంట్ గులాబీ, కొన్ని నెమలి ఆకుపచ్చలు మామూలు ప్రింటరు ఇంకుల్లో పూర్తిగా రావు, వాటితో రాజీ పడాల్సిందే. ఫైలుని మనంతట మనమే సీఎంవైకేలోకి (ప్రెస్సు నాలుగు ఇంకుల లెక్కలోకి) మార్చేస్తే ఉన్న రంగు కూడా చస్తుంది. ప్రింటు తీసే ల్యాబ్ ఏ కలర్ ప్రొఫైల్ అడిగితే అందులోనే ఇవ్వాలి, ఏమీ చెప్పకపోతే స్క్రీన్లకి మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ. మొదటి ఆర్డరుకి ముందు నేను నాలుగైదు బొమ్మల్లోంచి చీకటి ముక్కలు, నీళ్ల ముక్కలు కత్తిరించి ఒకే ఏ4 మీద పేర్చి టెస్ట్ ప్రింటు తీయించాను. ఒక షీటు ఖర్చుతో అన్ని బొమ్మల సంగతీ తెలిసిపోతుంది. కాగితం 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల మందం) మెరుపు లేని మ్యాట్, ఇంకు పిగ్మెంటు. విజిటింగ్ కార్డుల ప్రెస్సులో టోనర్ ప్రింటు చవకే కానీ, నది మీద పొగమంచులాంటి పలుచని పొరలు అందులో చారలు చారలుగా వస్తాయి.

ప్యాకింగ్‌కి ట్యూబు వద్దు. కొరియర్ కంపెనీలు అసలు బరువు, వాల్యుమెట్రిక్ బరువు రెంటిలో ఎక్కువదానికి డబ్బు తీసుకుంటాయి. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 50×8×8 ట్యూబు 640 గ్రాములు అవుతుంది, లోపల ఉన్నది ఒక్క కాగితమే అయినా. ఏ3 ప్రింటుని 45×33 ఫ్లాట్ ప్యాకెట్‌గా కట్టి మందం 2 సెంటీమీటర్లు అయితే 594 గ్రాములు, అరకిలో స్లాబు దాటిపోయింది. అదే మందం ఒకటిన్నరకి దించితే 445 గ్రాములు, అరకిలోలోపే. ఆ అర సెంటీమీటరు కోసమే నేను 5 ప్లై (ఐదు పొరల) అట్ట మానేసి 3 ప్లై అట్టలు రెండు వాడతాను. ఒక అట్టలో లోపలి గాడులు నిలువుగా, రెండోదాంట్లో అడ్డంగా ఉండేలా పెట్టాలి. రెండూ ఒకే వైపుంటే ఆ గీత వెంట ప్యాకెట్ ఇట్టే మడత పడుతుంది. ప్రింటు ప్లాస్టిక్ స్లీవులో, స్లీవు మూలలు కాగితపు త్రికోణాలతో అట్టకి బిగించాలి. టేపు ప్రింటుకి తగలకూడదు. అన్నిటిపైనా నీళ్లు దిగని పాలిథీన్ కవరు. "మడవరాదు" స్టిక్కరు అంటిస్తాను కానీ దాన్ని నమ్ముకుని అట్ట తగ్గించను.

రేటు లెక్క కాగితం మీద వేసుకోవాలి. ఉదాహరణకి ప్రింటు 200, ప్యాకింగ్ 60, కొరియర్ 90, మొత్తం 350 అనుకుందాం. 500కి అమ్మితే, పేమెంట్ గేట్‌వే 2 శాతం తీసుకుంటే 10, దాని మీద 18 శాతం జీఎస్టీ 1.80. మిగిలేది 138 చిల్లర. 500 మీద 10 శాతం కూపన్ ఇస్తే దాంట్లోంచి 50 పోతుంది. పదిలో ఒక ప్యాకెట్ పాడై మళ్లీ పంపాల్సివస్తే ఇంకో 350. బొమ్మ వేసిన శ్రమ ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు. అందుకే 500 రేటు నాకు సమ్మతం కాదు. అడిగినవాళ్లు "ఇంత రేటా అక్కా?" అన్నా సరే, బొమ్మ వేసేవాళ్లు తమ పని విలువ తామే తగ్గించుకోకూడదని గట్టిగా నమ్ముతాను.

జీఎస్టీ విషయంలో మన రెండు రాష్ట్రాలవాళ్లకి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. వస్తువులు అమ్మేవాళ్లకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ పరిమితి సొంత రాష్ట్రంలో అమ్మేవాళ్లకే. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ప్రింటు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే, మొదటి రూపాయి నుంచీ రిజిస్ట్రేషన్ కావాలి. చేత్తో వేసిన బొమ్మలు హస్తకళల జాబితాలో ఉన్నాయి కనుక వాటికి షరతులతో మినహాయింపు ఉంది, ప్రింట్లకి ఆ వీలు లేదు. పెద్ద మార్కెట్‌ప్లేసుల్లో సొంత రాష్ట్రంలోనే అమ్మే చిన్నవాళ్లకి 2023 అక్టోబరు 1 నుంచి ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు. నేను రిజిస్ట్రేషనే తీసుకున్నాను. పోర్టల్లో ఫీజు లేదు. పాన్, ఆధార్, కరెంటు బిల్లు, ఇల్లు మన పేరున లేకపోతే యజమాని సమ్మతి పత్రం. ఒక్క అమ్మకం లేని కాలానికీ నిల్ రిటర్ను వేయాలి, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు. అసలు బొమ్మకి హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో సరుకు రకం చెప్పే కోడు) 9701, ప్రింటుకి 4911. రెండింటి రేట్లూ అకౌంటెంటుతో ఖరారు చేసుకుని బిల్లులో విడివిడిగా పెట్టుకోవాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కూడా ఉచితమే, డబ్బడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

మొదట్లో వాట్సాప్ బిజినెస్ కేటలాగ్, యూపీఐ చాలు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టలేదు. తలుపు దగ్గర వద్దంటే రానూ పోనూ కొరియర్ ఖర్చు మనదే, తిరిగొచ్చిన ప్యాకెట్ మూలలు నలిగి మళ్లీ అమ్మడానికి పనికిరాదు. ప్రతి ప్రింటుకీ అంగుళాల్లో కొలత రాసి, కుర్చీ పక్కన గోడకి తగిలించి తీసిన ఫొటో ఒకటి పెడతాను. లేకపోతే ఏ4ని పెద్ద పటమనుకుని కొంటారు. గృహప్రవేశాల కానుకలకి మాఘం నుంచి జ్యేష్ఠం దాకా అడుగుతారు, ఆషాఢంలో తగ్గుతుంది. స్టాకు ఆ లెక్కనే తీయిస్తాను. పారే నీళ్ల బొమ్మ ఏ గోడకి పెట్టాలని వాస్తు అడిగేవాళ్లుంటారు, అందుకని నీళ్లు ఏ వైపు పారుతున్నాయో వివరణలో రాస్తాను.

అసలు బొమ్మ అమ్మినా కాపీరైటు మనదే, రాసి ఇస్తే తప్ప. ఆ ముక్క బిల్లు మీద అచ్చువేయించాను. ఆర్డరు మీద వేసే బొమ్మలకి మాత్రం ఆ మాట ముందే, సగం అడ్వాన్సుతో పాటు రాతలో తేల్చుకోవాలి.

అమెరికాకి 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అక్కడి మనవాళ్లలో ఎక్కువమందికి నేను చెప్పేది, ఇక్కడ అమ్మానాన్నల ఇంటికి పంపించుకోమని. అలాంటి ఆర్డర్లలో రేటు కనిపించే కాగితం ప్యాకెట్ లోపల పెట్టను, బిల్లు కొన్నవాళ్లకి మెయిల్ చేస్తాను.