మేం లేకపోతే పిల్లలు ఎవరి దగ్గర?

ప్రతి ఆగస్టులో బడి తెరవగానే ఒక ఫారం నింపాలి. ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసే చోట మొదటి వరసలో నా పేరు, రెండో వరసలో మావారి పేరు రాశాక మూడో వరస దగ్గర ఏటా పెన్ను ఆగిపోయేది. ఇక్కడ టెక్సస్‌లో మాకు తోబుట్టువులెవరూ లేరు, అమ్మావాళ్లు తెనాలిలో, అత్తయ్యగారు గుంటూరులో.

వీలునామా అంటే బాగా ఆస్తులున్నవాళ్ల వ్యవహారం అనుకుంటాం. చిన్నపిల్లలున్న ఇంట్లో దాని అసలు పని గార్డియన్ ఎవరో చెప్పడం. ఇద్దరం ఒకేసారి పోయి, ఆ పేరు ఎక్కడా రాసి లేకపోతే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో ఇక్కడి కోర్టు తేలుస్తుంది. తాతయ్యా అమ్మమ్మా వీసా తెచ్చుకుని వచ్చేదాకా పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు?

ఫోన్లో ఈ మాట ఎత్తగానే అత్తయ్యగారు "పొద్దున్నే ఏం మాటలమ్మా అవి, తథాస్తు దేవతలుంటారు" అన్నారు. ఆ భయం నాకూ ఉంది, పాపకి తొమ్మిదేళ్లొచ్చేదాకా వాయిదా వేసింది దానివల్లే.

మావారూ నేనూ మూడు వారాలు వాదించుకున్నాం. ఆయన హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి పేరన్నారు. మరిది బంగారం లాంటి మనిషి, కానీ మా ఐదేళ్లవాడు ఆకలేస్తే ఇప్పటికీ "అమ్మా, నేను ఆకలి" అంటాడు, అమ్మానాన్నా పోయిన నెలలోనే ఇల్లూ బడీ దేశం కూడా మారిపోతే వాడెలా తట్టుకుంటాడు? చివరికి రెండు వీధుల అవతలుండే, తోబుట్టువు కాకపోయినా మేం అక్కా అని పిలుచుకునే ఆవిడని అడిగాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "వాళ్లకి అన్నం కలిపి పెట్టడం నాకు కొత్తా?" అంది. ఇద్దరం ఏడ్చాం.

డబ్బు సంగతిలో ఒకటి గట్టిగా చెప్పాలి. ఇన్సూరెన్స్ డబ్బు వీలునామాని బట్టి రాదు, ఆ పాలసీలో బెనిఫిషియరీగా ఎవరి పేరుంటే వాళ్లకే పోతుంది. మావారి పాలసీలో పెళ్లికి ముందు రాసిన మామయ్యగారి పేరే ఉండిపోయింది! మైనర్ పిల్లల పేరు నేరుగా రాస్తే ఆ సొమ్ము కోర్టు అజమాయిషీలోకి వెళ్లొచ్చు, అందుకే పిల్లల తరఫున ఆ డబ్బు చూసుకునే ట్రస్టు పెట్టుకున్నాం.

తెనాలి స్థలానికి విడిగా ఇండియాలో వీలునామా రాశాం. ఇక్కడిలాగే అక్కడా ఇద్దరు సాక్షులు కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించాం. ఒక్కటే జాగ్రత్త, "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు" అనే వాక్యం ఒకదానిలో ఉండి రెండోదాన్ని కొట్టేయకూడదు, రెండు చోట్లా లాయర్లకి చూపించండి.

వీటితో పాటు అక్కకి ఒక ఉత్తరం రాసి పెట్టాను. చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. ఎండాకాలం సెలవులకి తెనాలి పంపమని, శనివారం అమ్మమ్మతో మాట్లాడించమని, వాడు తప్పు తెలుగు మాట్లాడితే నవ్వకుండా జవాబు తెలుగులోనే ఇవ్వమని.

ఈ ఏడాది ఫారంలో మూడో వరసలో అక్క పేరు రాశాను.