గట్టి పరుపే మంచిదనుకున్నాను

షాపులో పరుపు మీద వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెట్టి చూశాను. ఇట్టే దూరిపోయింది. అంటే నడుముకి ఆసరానే లేదు. ఇంట్లో ఉన్నదీ ఇలాంటిదే, చెక్కలా ఉంటుంది.

నడుం నొప్పికి గట్టి పరుపే మందు అని ఎవరు చెప్పినా నమ్మాను. పొద్దున్నే పక్కకి దొర్లి, మంచం అంచు పట్టుకుని లేవడం అలవాటైపోయింది.

2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో నడుం నొప్పి ఉన్న 313 మందిని 90 రోజులు గమనించారు. మరీ గట్టి పరుపుల కన్నా మధ్యస్థంగా ఉన్నవాటి మీదే నొప్పి ఎక్కువ తగ్గింది. ఇది ముందే తెలిస్తే ఎంత బాగుండేదో!

రెండో పరుపు మీద పక్కకి తిరిగి పావుగంట పడుకున్నాను. భుజం, తుంటి కాస్త లోపలికి దిగాయి. నడుము కుంగలేదు.

లేచేటప్పుడు చెయ్యి ఊనలేదు. అదే తీసుకున్నాను, రేపు వస్తుంది.