నాయన కోసం చేసిన జిల్లా పటం పజిల్

తిరుపతిలో ఫ్లెక్సీలు, నేమ్ బోర్డులు డిజైన్ చేసే షాపులో పని చేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ముందే. పుట్టినరోజు బ్యానర్లు, శ్రద్ధాంజలి బోర్డులు, ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. అలాంటివాణ్ణి ఒక జిగ్సా పజిల్, అంటే ముక్కలు పేర్చి బొమ్మ చేసే ఆట, డిజైన్ చేయాల్సొచ్చింది. అందరూ దాన్ని కష్టం చేయాలని చూస్తారు, నాకు సులువు చేయడం కావాలి. సులువు చేయడమే కష్టమైన పని అని దిగాక తెలిసింది.

కారణం మా నాయన. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పట్టు తప్పింది, జీవితమంతా గేరు మార్చిన చెయ్యి. మాట, చదువు, జ్ఞాపకం బాగానే ఉన్నాయి. వేళ్లకు పని చెప్పాలి, చిన్న వస్తువులు తీసి పెట్టడం అలవాటు చేయించండి, జిగ్సా అయితే బుర్రకూ పని దొరుకుతుంది అని థెరపిస్టు మేడమ్ చెప్పింది.

బజారుకు పోతే రెండు రకాలే దొరికాయి. ఒకటి ఐదువందల ముక్కలది, ఏదో విదేశీ కోట, ముందు చెరువు, పైన ఆకాశం. నాయన కాసేపు చూసి, "ఏమిరా ఇది, సగం నీలమే ఉండాది, ఇందులో యాడిది యాడ పెట్టేది?" అని పక్కకు నెట్టాడు. రెండోది పన్నెండు ముక్కల కార్టూన్ బొమ్మ. దాన్ని ముట్టుకోను కూడా లేదు. "నేనేమన్నా ఎల్కేజీ పిల్లోడినా?" అన్నాడు. కోపం కంటే అవమానం ఎక్కువ కనిపించింది ఆ మాటలో. పెద్దవాళ్లకు సులువైన పజిల్ అంటే పిల్లల పజిల్ ఇచ్చేస్తాం. తప్పు అక్కడే ఉంది.

ఆ ఐదువందల ముక్కల డబ్బా ముందేసుకుని రాత్రి నేను కూర్చున్నా, అసలు కష్టం ఎక్కడుందో చూద్దామని. ముక్కల సంఖ్య ఒక్కటే కాదు. నీలం ముక్క చేతికి తీసుకుంటే అది నాకేమీ చెప్పదు. ఏ మూలదో చెప్పదు, ఏ వైపు పైకి ఉండాలో కూడా చెప్పదు, నాలుగు వైపులా తిప్పి తిప్పి చూడాలి. కత్తిరింపు కూడా ఒకే అచ్చులో ఉంటుంది కాబట్టి తన చోటు కానిచోట కూడా కొన్ని ముక్కలు దిగిపోతాయి. అది మరీ మోసం. నాలుగు ముక్కలు పేర్చాక ఎక్కడో తేడా కొడుతుంది, ఎక్కడో దొరకదు. దానికి తోడు నిగనిగలాడే లామినేషన్, ట్యూబ్‌లైట్ వెలుగు పడి బొమ్మే కనబడదు.

అంచులనుంచి మొదలుపెట్టమని అందరూ చెప్తారు. చిన్న పజిల్‌కు ఆ సలహా బాగా పనికొస్తుంది. ఆరు అడ్డం, నాలుగు నిలువు పెడితే ఇరవైనాలుగులో పదహారు అంచు ముక్కలే. అదే వెయ్యి ముక్కల డబ్బా చూడండి. చాలా వాటిలో 38 అడ్డం, 27 నిలువు, మొత్తం 1026 ఉంటాయి. అందులో అంచువి 126. ఫ్రేము కట్టేశాక తొమ్మిదివందలు మిగిలే ఉంటాయి.

కాబట్టి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: ఏ ముక్క చేతికొచ్చినా అది తన ఊరు తానే చెప్పాలి.

బొమ్మ ఏది పెట్టాలి? షాపులో ఓనరన్న శ్రీవారి ఆలయ గోపురం పెట్టమన్నాడు, హై రిజల్యూషన్ ఫొటో ఉంది కూడా. అమ్మ ఒప్పుకోలేదు. "దేవుణ్ణి ముక్కలు ముక్కలు కోసి నేలమీద పోస్తావా? కాలికి తగిలితే?" అంది. వాదించడానికేమీ లేదు. పైగా గోపురం ఫొటోలో కూడా సగం ఆకాశమే.

జిల్లా పటం పెట్టాలన్న ఆలోచన నాయన మాటల్లోంచే వచ్చింది. మంచంలో కూర్చునే ఏ ఊరికి ఏ రూటు, ఎక్కడ టీకి ఆపేవాళ్లం, ఏ మలుపులో లారీ ఎదురొస్తుంది అని చెప్తూ ఉంటాడు. తర్వాత చదివితే తెలిసింది, జిగ్సాలు మొదలైందే పటాలతోనట. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపులు చెక్కేవాడు పటాన్ని చెక్కపలకకు అంటించి, దేశాల సరిహద్దుల వెంబడి కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు. సరిహద్దు వెంబడి కోయడం! ఇప్పటి డబ్బాల్లో కత్తిరింపుకు బొమ్మతో సంబంధమే ఉండదు, ముఖాన్ని సగానికి కోసేస్తుంది. ఆ పాత పద్ధతిలో కోత, బొమ్మ రెండూ ఒకటే మాట చెప్తాయి. నాకు కావలసింది అదే.

పటం అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా పటమే. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక మదనపల్లె, పీలేరు వేరే జిల్లాలోకి పోయాయి, తిరుపతి వేరే అయింది. నాయన బండి తోలింది మాత్రం పాత జిల్లాలో. అందులో 66 మండలాలు. మండలానికొక ముక్క చేస్తే మా బోర్డు సైజుకు మరీ చిన్నవైపోతాయి, పట్టుతప్పిన వేళ్లకు అందవు. అందుకని పెద్ద ఊరు చుట్టూ ఉన్న మండలాలను కలిపి ఇరవైనాలుగు చేశాను. కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, వాయల్పాడు, పీలేరు, పాకాల, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, సత్యవేడు, ఇలా. నిజం సరిహద్దులు వంకరటింకరగా ఉంటాయి, కొన్నిచోట్ల సన్నటి మెడలొస్తాయి. ఎండీఎఫ్‌లో, అంటే చెక్కపొట్టు నొక్కి చేసే పలకలో, అలాంటివి రెండు రోజులకే విరుగుతాయి. అలాంటి చోట్ల గీత కాస్త మొద్దు చేశాను, మూలలు గుండ్రం చేశాను. కుప్పం తోక మాత్రం ఉంచాను, అది లేకపోతే అది చిత్తూరు జిల్లాలాగే ఉండదు.

తర్వాత రంగులు. ఈ పజిల్‌లో సగం సులువు ఇక్కడే వచ్చింది. జిల్లాను నాలుగు ప్రాంతాలు చేశాను. మదనపల్లె వైపు టమాటా ఎరుపు. దామలచెరువు, బంగారుపాళెం, చిత్తూరు మామిడి పసుపు. శ్రీకాళహస్తి, సత్యవేడు వరి ఆకుపచ్చ. పలమనేరు, కుప్పం పట్టుపురుగుల సీమ కాబట్టి మల్బరీ పండు ఊదా. ఇరవైనాలుగు ముక్కల గుట్ట ముందే నాలుగు చిన్న గుట్టలుగా విడిపోతుంది. ఒక్కో గుట్టలో నాలుగైదో, ఏడెనిమిదో. పజిల్ ఒకటే, కానీ చేసేవాడికి నాలుగు చిన్న పజిళ్లు.

ఇక్కడ ఒక చిక్కుంది. వయసు పైబడితే కంటిలోని కటకం పసుపు పట్టి నీలం, ఆకుపచ్చ, ఊదా రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదు. నాయనకు ఒక కంట్లో శుక్లం కూడా ఉంది. అందుకే రంగుల్ని నమ్ముకోకుండా డిజైన్ మొత్తాన్ని గ్రేస్కేల్‌లోకి మార్చి చూశాను. ఎరుపు, ఆకుపచ్చ రెండూ ఒకే బూడిదగా వచ్చాయి. ఆకుపచ్చను వరి నారంత లేతగా తెచ్చి, ఊదాను బాగా ముదురు చేశాక నలుపు-తెలుపులో కూడా నాలుగూ విడివిడిగా కనిపించాయి. ఫ్లెక్సీ పనిలో ఇంత జాగ్రత్త ఎప్పుడూ పడలేదు, అక్కడ అన్నీ మెరవాల్సిందే.

ప్రతి ముక్క మీదా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో, అడ్డంగా, ఒకే దిశలో వేశాను. దాంతో ముక్కను తిప్పి చూసే పని పోయింది, పేరు చదవగలిగితే అదే సరైన దిక్కు. ఫాంటు విషయంలో మాత్రం చాలాసేపు కొట్టుకున్నాను. అనూ ఫాంట్లలో హెడ్డింగులకు వాడే లావువాటిలో వత్తులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. 'పుత్తూరు'లో త వత్తు, 'శ్రీకాళహస్తి'లో స్తి, దూరంనుంచి చూస్తే మరకలే. మధ్యస్థంగా ఉండే ఫాంటు తీసుకుని వత్తుల్ని కొద్దిగా కిందికి జరిపి, కంట్రోల్-క్యూ కొట్టి కర్వ్స్ చేసేశాను, అంటే అక్షరాల్ని గీతల బొమ్మలుగా మార్చేశాను.

రోడ్లు ఆఖర్న వేశాను కానీ అవే అన్నిటికంటే పనికొచ్చాయి. నల్లటి లావు గీత ఒక ముక్క అంచు దాటి పక్క ముక్కలోకి పోతుంది. అంచుకు సరిగ్గా మధ్యలో దాటకుండా ఒక్కోచోట పైకి, ఒక్కోచోట కిందికి దాటేలా చూశాను. కాబట్టి తప్పు ముక్క పెడితే రోడ్డు తెగిపోయి వెంటనే తెలుస్తుంది. మామూలు జిగ్సాలో ముక్కలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోవడానికి ఉండే గుబ్బలూ గాడులూ లేకుండానే తప్పు బయటపడే ఏర్పాటు అది. తిరుపతినుంచి చంద్రగిరి, భాకరాపేట ఘాట్, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె ఒక రోడ్డు. చిత్తూరునుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు మీదుగా బెంగళూరు వైపు ఇంకోటి. పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వైపు మరొకటి.

గుబ్బలు కావాలనే పెట్టలేదు. గుబ్బను గాడిలో కూర్చోబెట్టాలంటే కచ్చితంగా పైనుంచి నొక్కాలి, వణికే చెయ్యికి అది శిక్ష. కానీ గుబ్బలు లేకపోతే పక్క ముక్క తగిలిందంటే పేర్చినదంతా జరిగిపోతుంది. అందుకని చుట్టూ అంచున్న ట్రే చేసి, లోపలి నేల మీద ముక్కల గీతలు లేత బూడిద రంగులో వేశాను. అడుగు పలకకు రెండోవైపు గీతలేమీ లేవు, చెయ్యి అలవాటయ్యాక తిప్పి వేసుకోవచ్చు. ట్రే అంచున అక్కడక్కడ వేలు దూరేంత అర్ధచంద్రాకారపు గాడి పెట్టాను, ముక్కను మళ్లీ పైకి లేపడానికి.

థెరపిస్టు మేడమ్ డ్రాయింగు చూసి ఒక్క మార్పు చెప్పింది. నాయనకు మెదడులో కుడివైపు దెబ్బ తగిలింది. అలాంటివాళ్లలో కొందరికి ఎడమవైపు ఉన్నవి కంటి ముందే ఉన్నా దృష్టికి ఆనవట. అన్నం తినేటప్పుడు కంచంలో ఎడమవైపు కూర మిగిలిపోతుంటే ఇష్టం లేదేమో అనుకునేవాళ్లం. ట్రేకు ఎడమ అంచు పొడవునా కొట్టొచ్చినట్టు కనబడే ఎర్ర పట్టీ వేయమంది. చేసేముందు ప్రతిసారీ ఆ పట్టీ కనబడేదాకా చూపు తిప్పమని చెప్పాలి. పటంలో ఎడమవైపు పైన ఉన్నది మదనపల్లె, బి.కొత్తకోట, తంబళ్లపల్లె. వాటికి వేసింది కూడా ఎరుపే కాబట్టి ఆ పట్టీని ఇంకా లావు చేసి, మధ్యలో తెల్ల గీత ఇచ్చాను.

కటింగ్ విషయంలో లేజర్ షాపు తమ్ముడు నాకంటే బాగా తెలిసినవాడు. మా షాపు అలవాటు ప్రకారం వినైల్ మీద ప్రింటు తీసి బోర్డుకు అంటించి ఇస్తానంటే వద్దే వద్దన్నాడు. వినైల్ అంటే పీవీసీ, లేజర్ తగిలితే క్లోరిన్ ఉన్న ఆమ్లపు పొగ వస్తుంది, మనిషి ఊపిరితిత్తులకూ మిషను లెన్సుకూ రెండిటికీ చేటు. అందుకని మ్యాట్ పేపరు మీద ప్రింటు తీసి, 5.5 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌కు ఫెవికాల్‌తో అంటించి, రాత్రంతా బరువు పెట్టాను. మూడు మిల్లీమీటర్లది చవక, కానీ టేబుల్ మీదనుంచి వేళ్లతో తీయడం కష్టం. కోసేటప్పుడు పొగ మరకలు పడకుండా పైన మాస్కింగ్ టేపు వేశాడు.

ప్రింటులోని సరిహద్దు, లేజర్ కోత ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చోవడం కష్టం, అర మిల్లీమీటరో ఒకటో జరుగుతుంది. సరిహద్దు గీతనే నల్లగా నాలుగు మిల్లీమీటర్ల మందం పెట్టాను. కోత అందులో ఎక్కడ పడ్డా తేడా కనబడదు, పైగా ప్రతి ముక్కకూ చుట్టూ నల్ల అంచు వచ్చి కంటికి ఆనుతుంది. ముక్కలన్నిటినీ కోరల్‌లో కాంటూర్ పెట్టి చుట్టూ అర మిల్లీమీటరు లోపలికి తగ్గించాను. మరీ బిగువుగా ఉంటే నొక్కాలి, మరీ వదులుగా ఉంటే రోడ్లు కలవవు.

మొదటిసారి ముందు పెట్టినప్పుడు నేను అంచులు, రంగులు అని ఏదో చెప్పబోయాను. నాయన వినలేదు. గుట్టలో వెతికి తిరుపతి ముక్క తీసి ట్రేలో వేశాడు. తర్వాత చంద్రగిరి. తర్వాత పీలేరు ముక్క కోసం కుడిచెయ్యి చాచితే అమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఎడమచేత్తో ముక్కను బల్ల అంచుదాకా జరిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, ఎత్తి, రోడ్డుకు రోడ్డు కలిపాడు. కలిపాక నావైపు తిరిగి, "రేయ్, భాకరాపేట ఘాట్‌ను ఇంత తిన్నగా గీసినావే, ఎవురన్నా పడతార్రా" అన్నాడు. అలా రూటు పట్టుకునే పేర్చుకుంటూ పోయాడు, డిపోనుంచి బండి తీసినట్టు. నేను రంగులు గుట్టలు చేసుకోవడానికి పెట్టాను, ఆయనకు అవి అక్కర్లేకపోయాయి. థెరపీకి వచ్చే ఇంకొకాయన మాత్రం రంగులతోనే మొదలుపెడతాడు, ఆయన బ్యాంకులో పనిచేసినాయన.

ఘాట్ మలుపులు వేసి ఆ రెండు ముక్కలు మళ్లీ కోయించాను. ఈ మధ్య అడుగు పలకను గీతలు లేని వైపుకు తిప్పేశాం. సత్యవేడు, నాగలాపురం ముక్కలు మాత్రం ఇప్పటికీ తారుమారు అవుతున్నాయి. రెండూ ఆకుపచ్చే, సైజు కూడా దాదాపు ఒకటే, పైగా ఆ వైపు నాయనకు డ్యూటీ పెద్దగా పడలేదు. ఆ రెండిటి మీదుగా రోడ్డు వేయాలి, లేదంటే ఒకదాని ఆకారమైనా మార్చాలి. వచ్చే ఆదివారం షాపు లేదు, అప్పుడు కూర్చుంటాను.