ఒకరి తర్వాత ఒకరు

“దయచేసి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి” అని మా ప్రయోగశాల సమావేశంలో నన్ను ఉద్దేశించి అన్నారు. నేను ఎవరి మాటనూ తుంచలేదు. ఎదుటివారు చెబుతుండగానే దానికి నా మాట కలిపాను, అంతే. తణుకులో మా ఇంటి వసారాలో నలుగురూ ఒకేసారి మాట్లాడుతూ నలుగురి మాటా వినగలిగేవాళ్ల మధ్య పెరిగినవాడికి అది అడ్డు తగలడమని తోచదు. అమెరికా తూర్పు తీరంలోని ఈ విశ్వవిద్యాలయంలో మేము పరిశోధించేది బార్న్ ఔల్ అనే తెల్లమొహపు గుడ్లగూబ మెదడు కాండాన్ని. ఆ మందలింపు కంటే, దాన్ని ఆ గదిలోనే వినవలసి రావడం నన్ను ఎక్కువగా నొప్పించింది.

ఎందుకంటే ఆ పక్షి వినికిడిలో వంతులు లేవు. కుడివైపు ఎలుక అలికిడి చేస్తే ఆ శబ్దం కుడిచెవిని ముందు, ఎడమచెవిని తర్వాత చేరుతుంది. ఆ తేడా మహా అయితే సుమారు 200 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు). మెదడు కాండంలోని న్యూక్లియస్ లామినారిస్ అనే చోటికి ఒక చెవి సంకేతాలను తెచ్చే తంతువులు పైనుంచి కిందికీ, రెండో చెవివి కిందినుంచి పైకీ సాగుతూ, దారి పొడవునా వాటిని కొద్దికొద్దిగా ఆలస్యం చేస్తాయి. రెండు సంకేతాలూ ఏ కణాన్ని ఒకేసారి తాకుతాయో ఆ కణమే గట్టిగా స్పందిస్తుంది, దాన్నిబట్టి దిక్కు తెలుస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త లాయిడ్ జెఫ్రెస్ 1948లో ఊహగా ప్రతిపాదించిన ఈ అమరికను కేథరిన్ కార్, మసకాజు కొనిషి అనే పరిశోధకులు 1988లో ఈ పక్షిలోనే చూపించారు. కొనిషి క్యోటోలో పుట్టి ఈ దేశానికి వచ్చినవారు. ఆయన్ను కూడా మొదట్లో ఎవరైనా ఇలాగే ఆపారేమోనని అప్పుడప్పుడు అనుకుంటాను.

న్యాయంగా చెప్పాలంటే, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలనే మా ప్రయోగశాల వాళ్లకూ ఒక ఆధారం ఉంది. ఈ పక్షి ముఖం మీది ఈకలను వేలితో పక్కకు తీస్తే ఎడమచెవి రంధ్రం కుడిదానికంటే కాస్త పైన కనిపిస్తుంది. అందువల్ల కింది శబ్దాలు ఎడమచెవికి, పై శబ్దాలు కుడిచెవికి బిగ్గరగా వినిపిస్తాయి. కాలభేదం కుడిఎడమలను, తీవ్రతాభేదం ఎత్తుపల్లాలను చెబుతాయన్నమాట. మెదడు కాండంలో ఈ రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. 1984లో తకహాషి, మొయిసెఫ్, కొనిషి ఒక దారికి మత్తుమందు ఎక్కించి చూస్తే రెండో దారి లెక్క చెడలేదు. పద్ధతంటే ఇదీ అని మా వాళ్లు దీన్ని పట్టుకోవచ్చు.

అయితే ఆ దారులు మధ్యమెదడులో కలుస్తాయి. 2001లో పెన్యా, కొనిషి చూపినట్టు, అక్కడి కణాలు ఆ రెండింటినీ కూడవు, గుణిస్తాయి. కాలం కుదిరి తీవ్రత కుదరకపోయినా, తీవ్రత కుదిరి కాలం కుదరకపోయినా కణం పలకదు. వచ్చే నెల సమావేశంలో ఈ 2001 పరిశోధన పత్రాన్ని వివరించే వంతు నాది. ప్రశ్నలు చివర్లో అడగండి అని మాత్రం నేను అనను.